వల్లియమ్మాళ్ ఇంట్లో ఖాళీలు

ఆ శుక్రవారానికి కృత్తిక వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా మంచి వేళ అని గోడమీది క్యాలెండరు చెబుతోంది. ఆ గంటలో ఎనిమిది నెలల సెల్వికి అన్నం ముట్టించే వేడుక అయిపోవాలి. తరవాత పాపను నిద్రపుచ్చి, అత్తగారి దగ్గర ఒక్క మాట ఎత్తాలి. అత్తగారు సరే అంటే సూలూరు బస్టాండు పక్కన ఉన్న ఇంటర్నెట్ సెంటరుకు పోయి, పన్నెండో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయడానికి దరఖాస్తు పెట్టాలి. సాయంత్రం ఐదింటితో గడువు సరి. మళ్ళీ అవకాశం వచ్చే ఏడాదే.

ఆ దరఖాస్తు కాగితం మూడు వారాలుగా క్యాలెండరు అట్ట వెనక మడత పెట్టి ఉంది. పేరు, వయసు, ఊరు అన్నీ నింపింది. ‘చదువు మధ్యలో ఆపిన కారణం’ అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. ఆ కారణం పేరు మదన్. ఆమె పన్నెండో తరగతి చదువుతుండగా ఆమె పుట్టినూరు వాడిపట్టికి పిల్లను చూడడానికి వచ్చాడు. మంచివాడే. అయినా ఆ గడిలో మనిషి పేరు రాయవచ్చో లేదో ఆమెకు తేలలేదు.

అత్త వల్లియమ్మాళ్ చదువు వద్దని ఎన్నడూ అనలేదు. మొదట అడిగినప్పుడు కాన్పు కానీ అంది. కాన్పయ్యాక, బిడ్డకు అన్నం ముట్టించినాక చూస్తాము అంది. అందుకే ఈ అన్నం కోసం పాపకన్నా తల్లే ఎక్కువ ఆకలితో ఉంది.

వేడుక కూడా పెద్దదేమీ కాదు. అన్నం పెట్టేముందు చాపమీద ఐదు వస్తువులు పెట్టి పాపను వదులుతారు. పాకుతూ పోయి ఏది పట్టుకుంటే అదే పాపకు బ్రతుకుతెరువు. ఈ ఇంట్లో తరతరాలుగా అవే ఐదు: పుస్తకం, పేనా, బంగారు గాజు, గిద్దెడు వడ్లు, మగ్గంలో నూలు తీసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె. మదన్ ఆనాడు నాడె పట్టుకున్నాడు, ఈనాడు ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది పవర్‌లూములు నడుపుతున్నాడు. అతని అక్క సౌందరం గాజు పట్టుకుంది, పట్నంలో, ఆర్.ఎస్. పురంలో చీరల అంగడి ఉన్న ఇంటికి కోడలైంది. రెండుసార్లూ లెక్క సరిపోయింది కాబట్టి వల్లియమ్మాళ్‌కు ఈ తంతుమీద గట్టి నమ్మకం.

కృత్తిక నమ్మకం వేరు. పాప చేతికి అందిన ప్రతిదీ నోట్లోకి పోతుందన్నది ఆమె నమ్మకం. తెల్లవారకముందే ఐదింటినీ వేడినీళ్ళతో తుడిచింది. నాడె కొనలకు గుడ్డ చుట్టింది. వడ్లను కూడా కడిగి ఆరబెట్టింది.

ఆరున్నరకు సౌందరం ఫోను చేసింది. వల్లియమ్మాళ్ ఎప్పటిలాగే స్పీకరు పెట్టింది.

“అమ్మా, పుస్తకము పేనా అని ఇంగా ఆ కాలములోనే ఉండారా? పది వరుసాల్లో ఏ పని పెరుగుతాదో ఏది పోతాదో ఒగ పట్టీ వచ్చిండాది. వాట్సప్‌లో పంపినాను. దాన్ని చూసి సామాన్లు పెట్టండి. లేకుంటే బిడ్డ లేని పనిని ఎత్తుకొంటాది.”

లేని పనిని ఎత్తుకుంటుంది అన్న మాట వల్లియమ్మాళ్ గుండెలో గుచ్చుకుంది. షెడ్డులో ఉన్న మదన్‌ను పిలిపించింది. పట్టీ ఇంగ్లీషులో ఉంది. ఎడమ పక్కన పనుల పేర్లు, కుడి పక్కన రెండు వరుసల్లో అంకెలు. మదన్ మొదటి అంకెల వరుసను పట్టుకుని చదివాడు. అన్నిటికన్నా ఎక్కువ పెరిగేది గాలిమరల మెకానిక్కు పని, నూటికి యాభై. తరవాత సోలారు పలకలు బిగించేవాళ్ళు. తరవాత నర్సులు.

పల్లడం దారిలో పోతే ఎటు చూసినా గాలిమరలే కాబట్టి వల్లియమ్మాళ్‌కు అనుమానం రాలేదు. గాలిమరను చాపమీద పెట్టడం ఎట్లా అన్నదే సమస్య. అటకమీది పాత టేబుల్ ఫ్యానును దించి రెక్క ఊడదీయించింది. కృత్తిక దాని అంచు వేలితో తడిమి చూసి, పోయి పొయ్యిమీద మరిన్ని నీళ్ళు పెట్టింది. తుడిచి, ఆ అంచుకూ గుడ్డ చుట్టింది.

నర్సుకు ఏదో ఒక వైద్యపు వస్తువు కావాలి. సోలారుకు కూడా ఏదో కావాలి. ఇంటింటికీ పోయి అడిగే తీరిక లేక మదన్ వీధి వాట్సప్ గుంపులో పట్టీ బొమ్మ పెట్టి, కింద తమిళంలో ఇలా రాశాడు: ‘పైన ఉన్నవన్నీ మా ఇంట్లో అవసరం. తొమ్మిదిన్నర లోపల రండి.’ ఏ వస్తువులు, దేనికి అన్నది రాయలేదు. రాశాననే అనుకున్నాడు. గుంపులో రెండువందల ముప్పైమంది ఉన్నారు.

ఎదురింటి వీరమ్మాళ్‌కు మాత్రం సంగతి తెలుసు. ఆమె తన బీపీ మిషనును, ఎండకు నడిచే క్యాలిక్యులేటరును తెచ్చి ఇచ్చి పోయింది. కృత్తిక వెంటనే మిషను బ్యాటరీలు తీసి అటకమీద దాచింది. ఇంతవరకు అంతా సవ్యంగానే నడిచింది.

ఏడున్నరకు సౌందరం మళ్ళీ ఫోను చేసి, ఏమేమి పెట్టారని అడిగి, ఫ్యాను రెక్క మాట విని తల పట్టుకున్నంత పని చేసింది. చూడవలసింది మొదటి వరుస కాదట. రెండోది. అది ఏటేటా ఎన్ని ఖాళీలు వస్తాయో చెప్పే వరుసట. మదన్ రెండో వరుస చదివాడు. అందులో గాలిమర ఎక్కడో అడుగున ఉంది. పైన ఉన్నవి వేరే. ముసలివాళ్ళను ఇంట్లో చూసుకునేవాళ్ళు, వంటవాళ్ళు, లారీ డ్రైవర్లు, ఊడ్చి తుడిచేవాళ్ళు.

“నా మనవరాలికి అన్నము ముట్టించే చాపమీద చీపురు పెట్టాలా?” అంది వల్లియమ్మాళ్. ఆ గొంతు విని సౌందరం, తానే కారులో వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేసింది.

పెట్టకపోతే పాప భవిష్యత్తుకు లోటు, పెడితే నలుగురిలో లోటు. కాసేపు ఆలోచించి వల్లియమ్మాళ్ మధ్యేమార్గం కనిపెట్టింది. కొత్త చీపురు కొని, కవరు విప్పకుండా, పసుపు రాసి ఓ మూల పెట్టాలి. లారీకి బదులు ఒక తాళంచెవి. వంటకు గరిటె.

గరిటె కోసం వంటింట్లోకి పోబోతుండగా, పెళ్ళిళ్ళకు వంట చేసే ఇరుళాయి వాకిట్లో ప్రత్యక్షమైంది. చేతిలో మూరెడు పొడుగు గరిటె ఉంది. సమయానికి తెచ్చావని వల్లియమ్మాళ్ సంతోషించి, గరిటె ఇచ్చి పొమ్మంది.

“నేను లేకుండా గరిటె ఏమి చేస్తాది?” అంది ఇరుళాయి.

వల్లియమ్మాళ్‌కు అర్థం కాలేదు. బహుశా వేడుక చూడాలని ఉందేమో అనుకుని కూర్చోమంది. ఎంతమందికి వండాలని ఇరుళాయి అడిగింది. ఒక్కరికే, అదీ రెండు చెంచాలే అని వల్లియమ్మాళ్ చెప్పింది. ఇరుళాయి ఆ పని తనకు కుదురుతుందా లేదా అని ఆలోచిస్తూ తిన్నెమీద కూర్చుంది.

ఆమె వెనక ఒక డ్రైవరు వచ్చాడు. లైసెన్సు నకలు తెచ్చాడు. అతని వెనక నర్సు చదువు ముగించిన ఇద్దరు అమ్మాయిలు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. ఎనిమిదింపావుకు వరుస గేటు దాటింది. వీళ్ళంతా వస్తువులు ఇవ్వడానికి వచ్చారని మదన్, వీళ్ళకెందుకు ఇంత ప్రేమ అని వల్లియమ్మాళ్, ఇంతమంది పాపను ముట్టుకుంటే జ్వరం వస్తుందేమో అని కృత్తిక, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. వచ్చినవాళ్ళు మాత్రం ఒకే మాట అనుకున్నారు. మగ్గాలవాళ్ళు ఏదో పెద్ద కంపెనీ పెడుతున్నారు.

ఆ వరుసలో లక్ష్మణన్ కూడా ఉన్నాడు. మిల్లులో ముప్పై ఏళ్ళు టైంకీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. ముసలివాళ్ళను చూసుకునే పనికి వచ్చాడు, తానూ ముసలివాడే అయినా. వరుస ఉండి టోకెన్లు లేకపోవడం ఆయన చూడలేకపోయాడు. లోపలికి వచ్చి, రాసుకోవడానికి ఏదైనా కాగితం కావాలని అడిగాడు. ఎవరెవరు ఏమి తెచ్చారో చదివింపుల్లాగా రాస్తాడు కాబోలని వల్లియమ్మాళ్ గోడమీది క్యాలెండరు తీసి చేతిలో పెట్టింది.

ఆయన తీరిపోయిన రోజుల కాగితాలకు వెతికాడు. అవి ఎప్పుడో చించేశారు కాబట్టి, రాబోయే రోజులనే ఒక్కొక్కటిగా చించి, వెనక పక్క నంబర్లు వేసి పంచాడు. అందరి దరఖాస్తులూ తీసుకుని ఒక ఇత్తడి పళ్ళెంలో పేర్చాడు. క్యాలెండరు అట్ట వెనకనుంచి ఒక కాగితం జారి పడింది. అదీ నింపిన దరఖాస్తే. ఎవరిదో పడిపోయిందనుకుని దాన్నీ పళ్ళెంలో పెట్టి, అంచులు సరిచేశాడు.

కృత్తిక అన్న హరిహరన్ వాడిపట్టినుంచి తొలి బస్సుకు బయలుదేరి, తొమ్మిదింటికి వచ్చాడు. మేనమామ ఒడిలో పాపను కూర్చోబెట్టాలి కాబట్టి అతను లేకపోతే తంతే లేదు. నెత్తిన అరటిగెల పెట్టుకుని గేటులోకి రాబోతుంటే వరుసలోవాళ్ళు ఆపారు. వెనకనుంచి రావాలన్నారు. తాను మేనమామనని చెప్పాడు. ఇక్కడ సిఫారసులు చెల్లవని లక్ష్మణన్ చెప్పి, పద్నాలుగో నంబరు కాగితం ఇచ్చాడు. అది రెండు వారాల తరవాతి శుక్రవారం. హరిహరన్ నెమ్మదస్తుడు. చెల్లెలి ఊళ్ళో ఆచారం ఇదేమో అనుకుని, గెల దించి, వరుసలో నిలబడ్డాడు.

తొమ్మిదిన్నర దాటింది. లోపల మేనమామ ఇంకా రాలేదని అందరూ ఎదురుచూస్తున్నారు. కృత్తిక వేళ చూద్దామని గోడవైపు తిరిగింది. అక్కడ మేకు మాత్రమే ఉంది.

క్యాలెండరు ఎక్కడ అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు. పాపను చంకలో వేసుకుని, సోఫా కింద, పూజగదిలో, మంచం కింద వెతికింది. ఏమి వెతుకుతున్నావని మదన్ అడిగితే బ్యాటరీలు అంది. బ్యాటరీలు ఎక్కడున్నాయో ఆమె ఒక్కదానికే తెలుసు.

సౌందరం కారు దిగి, వరుసను, వరుసలో అరటిగెలతో ఉన్న హరిహరన్‌ను చూసి, ఫోను తీసి తమ్ముడు గుంపులో రాసిన సందేశం చదివింది. హరిహరన్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, సంగతి విప్పి చెప్పింది. మదన్ తన సందేశాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. మూడోసారికి చెమట పట్టింది. బయట ముప్పై ఒక్కమంది ఉన్నారు.

అప్పుడైనా వాళ్ళను పంపించి తంతు ముగించేవాళ్ళే. కాని సౌందరం చాపవైపు చూసి, నాడెను తీసేయమంది. పట్టీలో నేత పనికి పెరుగుదల లేకపోగా తరుగుదల ఉందట. మదన్‌కు అది మనసులో తగిలింది. తీసేది లేదన్నాడు. తాను తింటున్నది దానివల్లే అన్నాడు. సౌందరం రెండో వరుస చూపించి, అయినా అందులో ఖాళీలు మాత్రం చాలా ఉన్నట్టు రాశారే అని తానే తికమకపడింది. తగ్గే పనిలో ఖాళీలు ఎక్కడినుంచి వస్తాయి? పెరిగే గాలిమరకు ఖాళీలు ఎందుకు లేవు? వల్లియమ్మాళ్ ఒకసారి కూతురివైపు, ఒకసారి కొడుకువైపు చూసి, ఆ పట్టీ చేసినవాడికే మతి లేదని తేల్చింది.

“అట్ల గాదు అత్తా,” అంది కృత్తిక. ఆమె కళ్ళు ఇంకా గదిలో కాగితం కోసమే తిరుగుతున్నాయి. “వీరమ్మాళ్ అక్క ఇంట్లో రెండు కోళ్ళు ఉండె, ఇప్పుడు మూడు. నూటికి యాభై పెరిగె. అయినా ఉండేది మూడే గదా. గాలిమర అట్ల. మన షెడ్డులో ఎనిమిది మగ్గాలు, ఒగటీ పెరగలే. ఒగటి తగ్గనే తగ్గె అనుకోండి. అయినా ఇద్దరు ముసలోళ్ళు పని నిలిపేస్తే ఒగడైనా కావాల. అది ఖాళీ.”

 సౌందరం పట్టీని మళ్ళీ చూసుకుంది. కృత్తిక తొంగిచూసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది.

“వదినా, ఈ లెక్క మన ఊరిది గాదు. ఏదో వేరే దేశానిది.”

వల్లియమ్మాళ్ కోడలివైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఏమో అనబోయి, గడియారం చూసింది. పదీ పది. పదిన్నర దాటితే రాహుకాలం. బయటివాళ్ళను పంపేందుకు వేళ లేదు. అందరూ లోపలికి వచ్చి కూర్చోండి, బిడ్డకు అన్నం ముట్టించినాక పాయసం తాగి పోదురు అని కేకవేసింది.

లక్ష్మణన్ నంబర్ల ప్రకారం అందరినీ కూర్చోబెట్టాడు. పాపను వదులుతారని, పాప పట్టుకున్నదే ఖాయమని విని, వెనకవాళ్ళకు అదే చెప్పాడు. ఎంపిక పాప చేస్తుందట. వరుసలో కొంత గుసగుస నడిచింది. నర్సు అమ్మాయిల్లో ఒకతె, తాను ఇంతకుముందు వెళ్ళినచోట ఇంతకన్నా విచిత్రంగా ఎంపిక చేశారని అంది. అందరూ ఒప్పుకున్నారు. ఆయన పళ్ళెం తెచ్చి, న్యాయంగా ఉండాలని, చాప అంచున పెట్టాడు.

హరిహరన్ ఒడిలోంచి సెల్విని చాపమీదికి దించారు. ముందర పదకొండు వస్తువులు. పాప మొదట ఫ్యాను రెక్క దాకా పోయింది. దాని గుడ్డ వాసన చూసి వదిలేసింది. ఇరుళాయి తన గరిటెవైపు రమ్మని నాలుకతో చప్పుడు చేసింది. డ్రైవరు తాళంచెవిని వేలితో కదిపితే లక్ష్మణన్ అతన్ని మందలించాడు. పాప నాడె పక్కనుంచి పోయింది. మదన్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గాజును దాటింది. సౌందరం నిట్టూర్చింది. చీపురు దగ్గర ఆగింది. వల్లియమ్మాళ్ కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి పాప చాప దాటి, పళ్ళెంలో చెయ్యి పెట్టి, నడిమినుంచి ఒక కాగితం లాగి, కొనను నోట్లో పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ పొద్దున వేడినీళ్ళు తగలనిది అదొక్కటే. కృత్తిక ఒక్క అంగలో పోయి పాప నోట్లో వేలు పెట్టి ముక్కను బయటికి తీసింది. ఆ తరవాతే కాగితంవైపు చూసింది. చూసి, చెయ్యి చాపింది.

లక్ష్మణన్ అప్పటికే కాగితం అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. గట్టిగా చదివాడు. పేరు కృత్తిక. వయసు ఇరవై రెండు. పరీక్ష పన్నెండో తరగతి, ప్రైవేటు. ఆపిన కారణం, ఏమీ రాయలేదు.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. దానికైతే రెక్కలున్నాయి.

“ఇంటి మనిషికే ఇచ్చుకొనిరి,” అంది ఇరుళాయి. “మమ్మల్ని ఏంటికి పిలిచిరి?”

వల్లియమ్మాళ్ ఆ మాట వినలేదు. ఆ కాగితం ఎప్పటిదని కోడలిని అడిగింది.

“మూడు వారాలాయె అత్తా. ఈ దినము అయిదు గంటలకు కడ.”

“నాకు చెప్పితే కొరికేస్తానా?”

“బిడ్డకు అన్నము ముట్టించినాక చూస్తామంటిరి.” కృత్తిక తల ఎత్తలేదు. “ముట్టించినాక చెప్దామని ఉంటిని.”

వల్లియమ్మాళ్ గడియారం చూసింది. పదీ ఇరవై ఆరు. పాపను ఎత్తి హరిహరన్ ఒడిలో కూర్చోబెట్టి, వెండి గిన్నెలోంచి మెత్తటి పరమాన్నం చెంచాతో తీసి నోటికి అందించింది. పాప చప్పరించి ఇంకా కావాలని నోరు తెరిచింది. రెండో చెంచా కూడా పెట్టింది.

“ఇదో, ముట్టించేస్తిని,” అంది. “ఇంగ చూస్తాము. దాంట్లో ఏదో గడి ఖాళీ అనెనే, అదేమి?”

మదన్ చెప్పాడు. చదువు ఎందుకు ఆగిందో రాయాలట. కొంచెం ఆగి, చాపమీది పేనా తీసుకుని, ఆ గడిలో ‘పెళ్ళి’ అని తమిళంలో రాశాడు. వల్లియమ్మాళ్ అతను పట్టుకున్నది ఏమిటో గమనించింది. ముప్పై ఏళ్ళ కింద దాన్ని పట్టుకోలేదు కదరా అంది.

రాహుకాలం పోయేదాకా ఆగుదామని సౌందరం అంది. పంపేది తానే కాబట్టి రాహుకాలం తనకే తగలనీ అని వల్లియమ్మాళ్ చెప్పి, కొడుకు బండి వెనక కోడలిని ఎక్కించింది. పాపకు ఏమేమి అందకుండా చూడాలో కృత్తిక వీధి మలుపు దాకా చెబుతూనే పోయింది. ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్న మనిషి కాగితం కొన తడిగా, పళ్ళు రాని చిగుళ్ళ గుర్తుతో ఉండడం చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. ఎంపిక చేసినవాళ్ళు అని మదన్ చెప్పాడు. అతను అర్థమైనట్టు తల ఊపి, అంతా కంప్యూటరులోనే నింపాలని, కాగితంతో పనే లేదని చెప్పాడు. పన్నెండింటికల్లా రసీదు చేతికి వచ్చింది. కృత్తిక దాన్ని క్యాలెండరు వెనక పెడదామనుకుంది. కాని అందులో వచ్చే నెల దాకా రోజులు లేవు.

ఇంట్లో ముప్పై ఒక్కమందికీ ఇరుళాయే పాయసం వండింది. అరటిగెల సగం అయిపోయింది. లక్ష్మణన్ మిగిలిన దరఖాస్తులను పేర్ల వరుసలో సర్ది, దారంతో కట్టి, వల్లియమ్మాళ్‌కు అప్పగించి వెళ్ళాడు. ఇక్కడ ఖాళీలు ఏవీ లేవని మదన్ గుంపులో స్పష్టంగా, రెండుసార్లు రాశాడు.

మర్నాడు పొద్దున ఇద్దరు వచ్చి, పాప మళ్ళీ ఎప్పుడు పాకుతుందో కనుక్కుని పోయారు.